ఆగస్టు కాటేజ్ ట్రిప్: ఇల్లు ఖాయం చేద్దాం

కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. మన టొరంటో తెలుగువాళ్ల కాటేజ్ ట్రిప్‌కి ఎనిమిది కుటుంబాలు పేర్లిచ్చాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు కలిపి ఆరుగురు పెద్దవాళ్లు. ఐదేళ్లలోపు పిల్లలు నలుగురు. ఇల్లు ఎంచేటప్పుడు ముందు ఈ పదిమందినీ తలుచుకుందాం. మిగతావాళ్లం ఎక్కడైనా సర్దుకుంటాం.

ఇప్పుడు మన ముందు రెండు ఉన్నాయి. మస్కోకాలో బ్రేస్‌బ్రిడ్జ్ దగ్గర ఆరు బెడ్‌రూముల పెద్ద ఇల్లు ఒకటి. కవార్తా లేక్స్‌లో బాబ్‌కేజన్ దగ్గర ఒకే ఆవరణలో పక్కపక్కనే ఐదు చిన్న కాటేజీలు ఇంకొకటి. నా ఓటు చిన్నవాటికే.

మస్కోకా ఇల్లు ఫొటోల్లో కళ్లు తిప్పుకోనివ్వదు, నిజమే. కానీ అక్కడ నేలంతా గట్టి రాయి, చాలా ఇళ్లు ఎత్తు మీద ఉంటాయి. ఓనర్‌ని ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టి డాక్ (నీళ్లలోకి కట్టిన చెక్క వేదిక) దాకా నడుస్తూ వీడియో తీసి పంపమన్నాను. పంపారు. నలభైకి పైగా చెక్క మెట్లు, చేత్తో పట్టుకోవడానికి ఒకవైపే రెయిలింగ్, మధ్యలో కూర్చోవడానికి చోటు లేదు. డాక్ చివర దిగితే నిలువెత్తు నీళ్లు. మోకాళ్ల నొప్పులున్న మామయ్యగారు మూడు రోజులూ పైన డెక్ మీదే కూర్చుని మనల్ని చూడాల్సి వస్తుంది. అందుకోసమా ఆయన్ని తీసుకెళ్లడం?

బాబ్‌కేజన్ దగ్గర ఒడ్డు ఇసుక, చాలా దూరం దాకా మోకాల్లోతే. గడ్డి రోడ్డు మీదే కారు కాటేజ్ గుమ్మం దాకా వెళ్తుంది. లోతు తక్కువ కాబట్టి నీళ్లు వెచ్చగానే ఉంటాయి, కాకపోతే నాచు, కలుపు కాళ్లకు తగులుతాయి. పాత వాటర్ షూస్ ఉంటే తెచ్చుకోండి.

వంట బాధ్యత తీసుకున్న వదిన:
నేనూ చిన్న కాటేజీలకే. ఐదు వంటిళ్లుంటే ఐదు స్టవ్‌లు ఉంటాయి. పెద్ద ఇంట్లో ఒకే వంటింట్లో ఇంతమందికి ఇడ్లీలంటే పదకొండింటికి గానీ టిఫిన్ పూర్తవ్వదు. రెండు రైస్ కుక్కర్లు, మైక్రోవేవ్ ఒకే లైను మీద పెడితే బ్రేకర్ పడిపోతుంది, అందుకే కుక్కర్లు వేర్వేరు కాటేజీల్లో పెడదాం. పోపు, బజ్జీలు బయటే, లేకపోతే స్మోక్ అలారం ఊరుకోదు. బయట ప్రొపేన్ బర్నర్ పెట్టుకోవచ్చా అని ఓనర్‌ని ముందే అడగండి.

ఇంకో ముఖ్యమైన సంగతి సెప్టిక్ ట్యాంక్. ఇంట్లో ఎన్ని బెడ్‌రూములుంటే దాన్నిబట్టే ట్యాంక్ కడతారు. ఆరు గదుల ఇంట్లో పాతికమందిమి పైగా దిగి, అందరం పొద్దున్నే స్నానాలకు వెళ్తే ఏమవుతుందో ఊహించుకోండి. వేయించిన నూనె, మిగిలిన సాంబారు సింక్‌లో పోయొద్దు. నేను ఖాళీ నూనె డబ్బాలు తెస్తాను, అందులోకి వంచుదాం. చెత్త సంచులు రాత్రి బయట పెడితే రకూన్లు, ఒక్కోసారి ఎలుగుబంట్లు కూడా వస్తాయి.

ట్రెజరర్:
జులై, ఆగస్టుల్లో చాలామంది ఓనర్లు శనివారం నుంచి శనివారం దాకా వారం మొత్తానికే ఇస్తారు. మూడు రాత్రులకు ఒప్పుకునేది ఇలాంటి చిన్న కాటేజీల వాళ్లే, అదీ ఆగస్టు ఆఖర్లో. ఆ రోజులు మనకూ మంచివే. జూన్‌లో ఉన్నన్ని దోమలుండవు, స్కూళ్లు సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే తర్వాతే తెరుస్తారు. చెప్పే అద్దె మీద 13 శాతం హెచ్‌ఎస్‌టీ (అమ్మకం పన్ను), క్లీనింగ్ ఫీజు, డిపాజిట్ అన్నీ కలిపి చూసుకుందాం. కవార్తా లేక్స్‌లో ఇలా అద్దెకిచ్చేవాళ్లకి మామూలుగా మునిసిపాలిటీ లైసెన్స్ కావాలి. ఆ నంబర్ చూపించకుండా డబ్బు పంపను. కాన్సిల్ చేస్తే ఎంత తిరిగొస్తుందో కూడా రాతపూర్వకంగా తీసుకుంటాను.

పిల్లల ఆటలు చూసే తమ్ముడు:
అన్నా, అక్కా, లోతు తక్కువని ధైర్యపడొద్దు. కనూ, కయాక్ ఎక్కినా సరే, పడవలో ఉన్న ప్రతి ఒక్కరికీ సరిపోయే లైఫ్‌జాకెట్ ఉండాలని చట్టమే చెబుతోంది. కాటేజ్‌లో ఇచ్చేవి ఎక్కువగా పెద్దవాళ్ల సైజులే ఉంటాయి. పిల్లల బరువులు నాకు మెసేజ్ పెట్టండి, సైజు చూసి అరువు తెస్తాను. నీళ్ల దగ్గర గంటకొకరు చొప్పున కాపలా, ఆ గంట ఫోన్ పక్కన పెట్టాలి. ఇది నేను గట్టిగా అడుగుతున్నాను. బాబ్‌కేజన్ పడవలు తిరిగే ట్రెంట్-సెవర్న్ కాలువ దారిలో ఉండడంతో మోటారు బోట్లు తిరుగుతుంటాయి, పిల్లల్ని ఈత హద్దు చూపే తాడు దాటనివ్వకూడదు. వేసవి చివర విషం ఉండగల నీలి-ఆకుపచ్చ నాచు వస్తే ఈతకు దిగకూడదు, వెళ్లే ముందు రోజు హెల్త్ యూనిట్ (స్థానిక ప్రజారోగ్య శాఖ) హెచ్చరికలు చూస్తాను.

ఒక సభ్యురాలు:
మా అమ్మకి రాత్రిళ్లు రెండుమూడుసార్లు లేచే అలవాటు. బాత్‌రూమ్ పడకగదికి ఎంత దూరంలో ఉంటుంది? దగ్గర్లో ఆసుపత్రి ఉందా?

కోఆర్డినేటర్:
మంచి ప్రశ్న అడిగారండీ. ఆసుపత్రి లిండ్సేలో ఉంది, పీటర్‌బరోలో పెద్దది. పెద్దవాళ్ల ఇన్సూరెన్స్ కాగితాలు, మందుల చీటీలు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. బాత్‌రూమ్ సంగతి ఫొటోల్లో తేలదు, వెళ్లి చూడాల్సిందే.

ఈ ఆదివారం నేను బాబ్‌కేజన్ వెళ్తున్నాను, దాదాపు రెండు గంటల దారి. వదినా, మీరు కూడా వస్తే వంటిళ్లు మీ కళ్లతో చూసుకోవచ్చు. గుమ్మం దగ్గర మెట్లెన్ని, షవర్‌లో పట్టుకోవడానికి కడ్డీ ఉందా, కరెంటు పోతే బావి పంపు ఆగిపోయి నీళ్లుండవు కాబట్టి నిలవ నీళ్లు ఉంచుతారా, ఇవన్నీ చూసి ప్రతి కాటేజ్‌కీ వీడియో పంపుతాను. మెట్లు లేని కాటేజ్, బాత్‌రూమ్ పక్కనే ఉన్న గది మొదట పెద్దవాళ్లకే కేటాయిస్తాం.

మస్కోకా వైపే మనసున్నవాళ్లు శనివారం రాత్రిలోగా చెప్పండి, మీ కారణాలు కూడా విందాం. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే సోమవారం ట్రెజరర్‌గారు అడ్వాన్స్ కడతారు.