అప్‌డేట్: చెమ్మెక్కిన మిలిటరీ క్వార్టర్ విషయం

మా వారు సరిహద్దులో ఉన్నారు, మాకిచ్చిన క్వార్టర్‌లో గోడలు పెచ్చులూడుతున్నాయి, ఏం చేయాలని నెల క్రితం అడిగాను. మీరన్నట్లే ఫొటోలు, తేదీలతో ఫిర్యాదు రాసిచ్చాను. మేస్త్రీ వచ్చి సున్నం కొట్టి వెళ్లాడు. వారానికే మళ్లీ నల్లటి బూజు; పాప పుస్తకాల అట్టలు ఉబ్బిపోయాయి. రెండోసారి రాశాకే గోడ తవ్వి చూశారు. లోపల పైపు కారుతోంది!

సైనిక కుటుంబాల కోసం 2002లో వివాహిత వసతి పథకం మొదలైంది. కొత్త ఇళ్లు రావడం సంతోషమే, కానీ పాత ఇళ్లలోనూ పిల్లలు పెరుగుతున్నారు కదా.

ప్రస్తుతం విజయవాడ సత్యనారాయణపురంలో అమ్మ దగ్గర ఉన్నాం. ఫోను చేసినప్పుడల్లా ఆయన అడిగేది ఒక్కటే: పాప దగ్గు తగ్గిందా అని. తగ్గింది. పైపు మార్చాక వెళ్తాం. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.