ఆరుగురి పేర్లు ఎలా రాయాలి?

కారం, పసుపు ప్యాక్ చేసే చిన్న కంపెనీలో సూపర్‌వైజరును. మొత్తం 42 మందిమి. కొత్త యంత్రం వచ్చింది, పనిలోంచి తీసేయడానికి నెలాఖరులోగా ఆరుగురి పేర్లు రాసివ్వమన్నారు మా యజమాని. రెండు పేర్లు రాశాను, రెండూ కొట్టేశాను. అందులో ఒకావిడ నాకు పని నేర్పిన మనిషి; ఇప్పుడు చేయి కాస్త నెమ్మదించింది, అంతే.

చివర చేరినవారిని ముందు తీయాలని, ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారమివ్వాలని చట్టం ఉంది. తగిన కారణం రాస్తే ఆ వరుస మార్చవచ్చట. ఆ కారణం రాయవలసింది నేనే.

2010లో దివాలా తీసిన జపాన్ ఎయిర్‌లైన్స్‌ను పారిశ్రామికవేత్త కజువో ఇనమోరి జీతం తీసుకోకుండా నిలబెట్టారు. ఉద్యోగుల సంతోషమే సంస్థ లక్ష్యమన్నారు. అక్కడే సుమారు 16 వేల ఉద్యోగాలూ పోయాయి! ఈ రెండూ ఒకే మనసులో ఎలా ఇమిడాయో నాకు అంతుపట్టడం లేదు.

ఇలాంటి జాబితా రాసినవారు, అందులో తమ పేరు చూసుకున్నవారు దయచేసి చెప్పండి. అందరినీ కూర్చోబెట్టి ముందే చెప్పడం మేలా, విడివిడిగానా? తీసేయడానికి బదులు అందరి పనిగంటలు తగ్గించేలా యజమానిని ఎవరైనా ఒప్పించారా? మా యజమాని లెక్కలు చూపిస్తేనే వింటారు.