సమస్యాపూరణం: "రాయి పిలిచె జనుల రండు రండు"

ఈసారి సమస్య ఆటవెలది నాలుగవ పాదం. రాయికి నోరెక్కడిది, ఎలా పిలుస్తుంది అన్నదే చిక్కు. మసీదు మినారును, అజానును విడదీయకుండా పూరించండి. "హయ్య అలస్సలాహ్", అంటే నమాజుకు రండి అన్న పిలుపు, అజానులో రెండుసార్లు వస్తుంది. పాదంలో "రండు" రెండుసార్లు పడింది అందుకే.

మొదటి పూరణ

వేకువందు చూడ వినువీధి నంటిన
యా మినారు నుండి యార్తి పొంగె
పలుకు మనిషిదైన పైకి కన్పడలేదు;
రాయి పిలిచె జనుల రండు రండు.

పరిశీలన: మూడవ పాదం దగ్గర ఆగిపోయాను. మనిషి కనబడడు, గొంతు మాత్రం పైనుండి దిగివస్తుంది. చిక్కు అక్కడే వీడింది. "ఆర్తి"ని మాత్రం ఒప్పుకోలేను. ఆర్తి అంటే బాధ; అజాన్ అంటే చాటింపు, అందులో దైన్యం లేదు. "హాయి పొంగె" అనండి, యకార హకారాలకు యతి చెల్లుతుంది. వేకువను ఎంచుకున్నారు కదా, సున్నీల ఫజ్ర్ (వేకువ నమాజు) అజానులో మాత్రమే వినబడే "నిద్రకంటే నమాజు మేలు" అన్న మాటను వదిలేశారేమి?

రెండవ పూరణ

సుడులు తిరుగు మెట్లు, సూటి కంబపు నిక్కు,
చదరమైన గోడ, సన్న సూది –
రూపు మారు గాని రుచి మార దా పిల్పు;
రాయి పిలిచె జనుల రండు రండు.

పరిశీలన: ఇరాక్‌లోని సమర్రాలో మెట్లు బయటివైపు చుట్టుకుంటూ 52 మీటర్లు ఎక్కే 9వ శతాబ్దపు మినారు, ఢిల్లీలో 72.5 మీటర్ల కుతుబ్ మినార్, ట్యునీషియాలోని కైరవాన్ చదరపు మినారు, ఇస్తాంబుల్ ఆకాశంలో సూదుల్లా నిలిచే ఉస్మానీ (ఆటోమన్) మినార్లు – అన్నీ రెండు పాదాల్లో ఒదిగాయి. చ–స యతి మైత్రితో సహా అంతా శుద్ధం. కానీ మనిషి ఎక్కడ? చెవులకు చేతులు చేర్చి, "హయ్య అలస్సలాహ్" దగ్గర కుడికి, "హయ్య అలల్ ఫలాహ్" (సాఫల్యానికి రండి) దగ్గర ఎడమకు ముఖం తిప్పే ముఅజ్జిన్, అంటే అజాన్ పలికేవాడు, ఒక్కడు కనిపించి ఉంటే పద్యానికి ఊపిరి వచ్చేది. గంట కాదు, బూర కాదు, మనిషి గొంతే పిలుస్తుంది. నాకు అజానులో అన్నిటికన్నా అందమైనది అదే.

మూడవ పూరణ

మండు టిసుక పైన మన బిలాలును తోసి,
యొకడె దైవమనిన నోర్వలేక,
గుండె మీద నాడు క్రూరులై మోపిరి
రాయి, పిలిచె జనుల రండు రండు.

పూరించినవారి మాట: మదీనాలో ప్రవక్త కట్టిన మసీదుకు మినారే లేదు. తొలి ముఅజ్జిన్ బిలాల్ ఎత్తైన ఇంటికప్పు ఎక్కి పిలిచేవారట. అంతకుముందు మక్కాలో బానిసగా ఉన్నప్పుడు ఎండలో పడుకోబెట్టి గుండెపై బండ పెడితే "అహద్, అహద్" – ఒక్కడే, ఒక్కడే – అన్నారని సంప్రదాయం చెబుతుంది. 630లో మక్కా వశమయ్యాక కాబా కప్పు మీద నుంచి అజాన్ ఇచ్చినదీ ఆయనే అంటారు. రాయి చేత పిలిపించడానికి నాకు మనసొప్పలేదు. అందుకే "రాయి" దగ్గర విరిచాను.

పరిశీలన: అమ్మా, ఈ విరుపుకు నమస్కారం. ఒక్కటే లోటు. మోపినవారు వేరు, పిలిచినవారు వేరు. కర్త మధ్యలో జారిపోయాడు. ఇలా మార్చి చూడండి:

ఎవని గుండె మీద నెత్తి మోపిరొ పెద్ద
రాయి, పిలిచె జనుల రండు రండు.

పూరించినవారు: మార్చుకున్నానండీ. "ఎవని" అనగానే "అతడే" అన్నది చెప్పకుండానే వచ్చేసింది.