మితానుభవుడా, అమితానుభవుడా? తిమోతి పత్రికలో ఒక అకారం

తాతగారి పెట్టె:
ఒక పంక్తి వారం రోజులుగా నన్ను వదలడం లేదు. కిందటి ఆదివారం బంధువుల ఊరిలో కొత్త సంఘ పెద్దలను నియమించే ఆరాధనకు వెళ్లాను. వాక్యం చెప్పిన పెద్దమనిషి తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం తెరిచి, "అధ్యక్షుడగువాడు అమితానుభవుడై యుండవలెను" అని గట్టిగా పలికి, నాయకునికి అపారమైన అనుభవం ఎందుకు అవసరమో అరగంట వివరించారు. సభలో ఎవరికీ ఏమీ అనిపించినట్టు లేదు గాని, నా చెవికి మాత్రం మొదటి 'అ' అడ్డు తగిలింది. మా తాతగారు ఆ వచనం చదివేటప్పుడు "ఏకపత్నీపురుషుడును, మితానుభవుడును" అని అక్కడ ఒక్క క్షణం ఆగి, కళ్లజోడు పైకి తోసుకొని ముందుకు సాగేవారని గుర్తు. ఆ గుర్తు నలభై ఏళ్ల నాటిది కనుక దాని మీద ప్రమాణం చేయలేను. పైగా నాయకుడు కొద్దిపాటి అనుభవం గలవాడై ఉండాలని పౌలు ఎందుకు అంటాడన్నది మరో సందేహం. తాతగారి బైబిలు ఊళ్లో ఉంది. ఆ అకారం ఉన్నట్టా, లేనట్టా?

అరసున్న:
నా దగ్గరున్న మూడు ముద్రణల్లోనూ అకారం లేదు. అయితే అచ్చులో లేనంత మాత్రాన రచనలో లేదని నేను ఒప్పుకోను. అదే అధ్యాయం ఆరవ వచనంలో అధ్యక్షుడు "గర్వాంధుడై" పడిపోకుండేటట్లు "క్రొత్తగా చేరినవాడై యుండకూడదు" అని ఉన్నది. రెండవ వచనంలో తక్కువ అనుభవం చాలునని చెప్పి, నాలుగు వచనాలు దాటేసరికి కొత్తవాడు పనికిరాడని చెప్పడం పొసగదు. సీసపు అక్షరాలు చేత్తో కూర్చిన రోజుల్లో ఒక అచ్చు జారిపోవడం ఎంత సులువో పాత పుస్తకాలు దిద్దినవారికి తెలుసు. మీరు విన్న పెద్దమనిషి తెలిసో తెలియకో సరైన పాఠాన్నే పలికి ఉంటారని నా అనుమానం.

దస్తావేజు లేఖరి:
అరసున్న గారూ, మీ ఊహ ముచ్చటగా ఉంది గాని, దానికి పునాది ఇప్పటి వాడుక. అనుభవం అనగానే ఉద్యోగ ప్రకటనల్లో అడిగే సంవత్సరాల లెక్క గుర్తుకు రావడం మన కాలపు అలవాటు. నేను ముప్పై ఏళ్లు రిజిస్ట్రారు కార్యాలయం వరండాలో కూర్చుని దస్తావేజులు వ్రాసినవాడిని. మా భాషలో అనుభవమంటే భోగమే. "మీరు మీ పుత్రపౌత్ర పారంపర్యముగా సుఖాన అనుభవించుకొనగలవారు" అని వ్రాయని విక్రయ దస్తావేజు నా చేతి మీదుగా పోలేదు. అడంగల్ తీసి చూడండి, పట్టాదారు గడి ఒకటి, అనుభవదారు గడి మరొకటి ఉంటాయి. అనుభవదారు అంటే వ్యవసాయంలో అనుభవం గడించినవాడు కాదు, భూమి ఫలితాన్ని తింటున్నవాడు. అదే పత్రిక 6వ అధ్యాయం 17వ వచనంలో "సుఖముగా అనుభవించుటకు సమస్తమును మనకు ధారాళముగ దయచేయు దేవుని" మాట ఉంది. ఒకే పత్రికలో ఒకే ధాతువును ఒకే అర్థంలో వాడిన అనువాదకుడికి మూడవ అధ్యాయంలో మాత్రం ఉద్యోగానుభవం ఎందుకు గుర్తుకు వస్తుంది? భోగాన్ని మితంగా తీసుకునేవాడు మితానుభవుడు. అకారం చేరిస్తే అధ్యక్షుడు భోగి అవుతాడు.

గోదారి గట్టు:
లేఖరి గారి లెక్కన మితానుభవుడంటే ఎకరంన్నర లోపు రైతు.

కొయినే విద్యార్థి:
అకారం జారిపోయిందన్న వాదం నిలవదు, ఎందుకంటే ఈ మాట ఒక్కచోట లేదు. 3:11లో పరిచర్య చేసే స్త్రీలు "మితానుభవముగలవారును" అయి ఉండాలి. తీతు 2:2లో వృద్ధులు కూడా "మితానుభవముగలవారును, మాన్యులును" అయి ఉండాలి. మూడుచోట్లా ఒకే అచ్చు జారిపడిందంటే అది అచ్చుకూర్పరి పొరపాటు కాదు, పగ. పైగా వృద్ధులకు అనుభవం తక్కువగా ఉండాలని ఎవరైనా ఎందుకు కోరుకుంటారు? మూడుచోట్లా గ్రీకులో ఉన్నది నేఫాలియోస్. ద్రాక్షారసం కలపని తర్పణాలకు గ్రీకులు వాడిన విశేషణం అది. అసలు అర్థం మత్తు అంటనిది అని.

ఇక్కడే నాకు మన అనువాదంతో పేచీ ఉంది. నేఫాలియోస్‌లో మితమనే భావం లేదు, లేమి ఉంది. తాగనివాణ్ణి కొంచెం తాగేవాణ్ణి చేశారు.

అరసున్న:
మూడుచోట్ల వాదనకు నా దగ్గర జవాబు లేదని ఒప్పుకుంటున్నాను. కానీ విద్యార్థి గారూ, మీ పేచీ మీ మీదికే తిరుగుతుంది. నేఫాలియోస్‌కు కల్లు ముట్టనివాడనే అర్థమైతే, వెంటనే మూడవ వచనంలో "మద్యపానియు కొట్టువాడును కాక" అని మళ్లీ చెప్పవలసిన పని ఏమిటి? పౌలు రెండు మాటలు వాడాడంటే రెండు సంగతులు ఉండాలి. అదీగాక ఇదే పత్రిక 5:23లో తిమోతిని ఇకమీదట నీళ్లే తాగవద్దని, కడుపు జబ్బు నిమిత్తం ద్రాక్షారసం "కొంచెముగా" పుచ్చుకొమ్మని చెప్పింది ఎవరు? ఆ కొంచెమే మితం. మన అనువాదకుడు పత్రికంతా చదివి, సీసాను దాటి తిండికీ, బట్టకూ, పొగడ్తకూ కూడా వర్తించే మాట వెతికాడు. వట్టి తాగుడు గురించి అయితే తెలుగులో మాటలకు కరువా?

కొయినే విద్యార్థి:
సీసాను దాటిన అర్థం గ్రీకులోనూ ఉంది, కాదనను. కానీ ఆ అర్థం భోగం వైపు కాక మెలకువ వైపు నడిచింది. దీని క్రియారూపం నేఫో. థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రికలో దానినే "నిద్రపోక మెలకువగా ఉండి మత్తులము కాక యుందము" అన్నారు. రెండవ తిమోతి 4:5లో "అన్నివిషయములలో మితముగా ఉండుము" అన్నారు. పేతురు మొదటి పత్రిక 5:8లో, గర్జించు సింహం తిరుగుతున్నదన్న చోట, "నిబ్బరమైన బుద్ధిగలవారై మెలకువగా ఉండుడి" అన్నారు. ఒక గ్రీకు క్రియకు తెలుగులో మూడు ముఖాలు: మత్తు లేకపోవడం, మితంగా ఉండటం, నిబ్బరంగా ఉండటం. వీటిలో నేఫాలియోస్‌కు అన్నింటికంటే దగ్గరిది నిబ్బరమేనని నా నమ్మకం. అధ్యక్షుడన్న మాటే చూడండి. అధి, అక్షి, పైన కన్ను వేసి ఉంచేవాడు. గ్రీకు ఎపిస్కోపోస్ కూడా అచ్చంగా అంతే, పై నుండి చూసేవాడు. మంద మీద కన్ను వేసి ఉంచవలసినవాడికి మొదట కావలసింది మూతపడని కన్ను. భోగం పాపమా కాదా అన్న ప్రశ్న ఆ తరువాతది.

గోదారి గట్టు:
నిబ్బరమంటే మా వైపు గుండె ధైర్యమండీ. ఏటికి వరద వచ్చినప్పుడు నిబ్బరంగా ఉండమంటారు గాని, పెళ్లి విందులో మూడో లడ్డూ వద్దన్నవాణ్ణి నిబ్బరమైనవాడని ఎవరూ అనరు. అక్కడ మితమే మాట.

శతకప్రియ:
మీరంతా గ్రీకు చుట్టూ తిరుగుతున్నారు గాని, "మత్తులము" అన్న రూపం దగ్గర ఎవరూ ఆగకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. మత్తు అన్న తెలుగు నామవాచకం కాదది. మత్తుడు, మత్తులు, మేము మత్తులము. ఆ బహువచనం వినగానే తెలుగువాడికి గుర్తుకు రావలసినవాడు ధూర్జటి. "రాజుల్ మత్తులు, వారి సేవ నరకప్రాయంబు" అని మొదలుపెట్టి, రాజులిచ్చే స్త్రీలూ పల్లకీలూ గుర్రాలూ నగలూ ఆత్మవ్యథకు బీజాలని, "తదపేక్ష చాలు" అని కొట్టిపారేశాడు. అధ్యక్షుడు "ధనాపేక్షలేనివాడు" కావాలన్న పత్రికలోని అపేక్షా, ధూర్జటి చాలించిన అపేక్షా ఒకటే. ఇక చివరి పాదంలో ఆయన వేడుకున్నది "జ్ఞానలక్ష్మీ జాగ్రత్పరిణామము". జాగ్రత్ అంటే మెలకువ. మత్తుతో మొదలై మెలకువతో ముగిసిన పద్యమది. విద్యార్థి గారు మూడు పత్రికల్లో వెతికిన రెండు కొసలూ ఒక్క శార్దూలంలో ఉన్నాయి.

దస్తావేజు లేఖరి:
బాగా పట్టుకున్నారమ్మా. కాని ధూర్జటి రాజులు కల్లు తాగి మత్తులయ్యారా, సింహాసనం తలకెక్కి మత్తులయ్యారా?

శతకప్రియ:
మదము, మద్యము, మత్తుడు, మూడూ ఒకే ధాతువు బిడ్డలు కనుక ఆ ప్రశ్న సంస్కృతానికి పుట్టదు. ధూర్జటికి సింహాసనమే సీసా. నిజానికి ఆరవ వచనంలోని గర్వాంధుడు కూడా ఆ బాపతే.

కొయినే విద్యార్థి:
అక్కడ గ్రీకు క్రియ పొగ అనే అర్థమున్న మాట నుండి వచ్చింది, తల పొగబారినవాడని భావం. గర్వాంధుడన్న మాటలో మనవాళ్లు ఆ పొగను కంటికి తెచ్చారు. ఆ ఒక్క మాట విషయంలో అనువాదకుడికి నమస్కారం పెడతాను.

అరసున్న:
రాజసేవను ఈసడించిన ఆ కవిని రాయల సభ అష్టదిగ్గజాల్లో లెక్కించే సంప్రదాయాన్ని కూడా మరవకండి. "ధూర్జటి పలుకులకేల కల్గెనో యతులిత మాధురీమహిమ" అని రాయలు సభలో అడిగినట్టూ, వారవనితల అధరసుధ తాగడం వల్లనేనని రామకృష్ణుడు బదులిచ్చినట్టూ ఒక చాటువు ఉంది. అమితానుభవుడై ఆపైన మితానుభవాన్ని పాడినవాడన్నమాట.

శతకప్రియ:
చాటువులను సాక్ష్యాలుగా తెస్తే మన కవుల్లో ఒక్కరికీ మంచి నడవడి మిగలదు. ఆ పద్యం ఎవరు ఎప్పుడు అల్లారో తేల్చి, ఆ తరువాత ఆయన శీలం గురించి మాట్లాడుకుందాం. అయినా అనుభవించినవాడు చాలునంటేనే ఆ "చాలు"కు బరువు ఉంటుంది. ఎన్నడూ పల్లకీ ఎక్కనివాడు పల్లకీ వద్దంటే వినేదెవరు?

దస్తావేజు లేఖరి:
ఆ లెక్కన ఆరవ వచనానికీ రెండవ వచనానికీ సంధి కుదిరినట్టే. కొత్తవాడు కాకూడదు, భోగి కాకూడదు. అరసున్న గారి అకారం కూడా ఒక అర్ధసత్యమే.

గోదారి గట్టు:
తిండి సంగతి వచ్చింది గనుక ఒక్క మాట. ప్రసంగి 10:16లో "ఉదయముననే భోజనమునకు కూర్చుండువారు" అధిపతులైతే దేశానికి అశుభమని ఉంది. చిన్నప్పుడు ఆదివారపు బడిలో ఈ వచనం అప్పజెప్పి ఇంటికి వచ్చి, చద్దన్నం ముందు కూర్చోవడానికి భయపడ్డాను. పొలం వెళ్లేవాడి చద్దికీ, కొలువు తీరవలసిన వేళ విందుకు కూర్చున్నవాడి భోజనానికీ తేడా ఉందని మా అమ్మ చెప్పిన తరువాతే ముద్ద దిగింది. తరువాతి వచనంలో తేడా తేటగానే ఉంది, "మత్తులగుటకు కాక బలము నొందుటకై అనుకూల సమయమున" తినేవారు అధిపతులైతే శుభమట. అక్కడా మత్తులే చూడండి.

అరసున్న:
అనుకూల సమయమన్న మాట మితం వైపు సాక్ష్యం చెబుతున్నది. వేళకు తినమన్నారు గాని మానమనలేదు. మిత పక్షం గెలిచినట్టు వ్రాసుకోవచ్చునా?

కొయినే విద్యార్థి:
వ్రాసుకోవద్దు. అది హీబ్రూ గ్రంథం, నేఫాలియోస్‌కు సాక్ష్యం కాదు. తీతు 1:8లో భోగనిగ్రహానికి వేరే గ్రీకు మాటే ఉంది, దానిని మన అనువాదం "ఆశానిగ్రహముగలవాడు" అని చక్కగా తెచ్చింది. ఆశను పట్టి ఉంచడానికి ఆ మాట ఉండగా మితానుభవుడికీ అదే పని అప్పగించి, మెలకువను మాత్రం గాలికి వదిలేశారన్నది నా ఫిర్యాదు.

తాతగారి పెట్టె:
అందరికీ నమస్కారం. అకారం లేదన్నది తేలింది, మిగిలినది మీరు తేల్చేటట్టు లేరు. నిన్న ఊరు వెళ్లి పెట్టె తెరిచాను. తాతగారి బైబిలు అట్ట ఊడిపోయి, గోనె దారంతో కుట్టి ఉంది. తిమోతి పత్రిక తెరిచిన చోటే తెరుచుకుంది. మితానుభవుడు కింద పెన్సిలు గీత, పక్క అంచులో ఆయన చేతివ్రాతతో "రోజుకు రెండు" అని ఉంది. ఆ తరువాత ఇంకొక మాట. దాని మొదటి అక్షరం మీద వేలి మరక పడి చెరిగిపోయింది. చివర "ట"తో మొదలయ్యే ఏదో గుణింతమూ, "లు" మాత్రమే కనబడుతున్నాయి. ఆయన సంఘ పెద్ద అయ్యేదాకా చుట్టలు విపరీతంగా కాల్చేవారని మా మేనత్త చెబుతారు. ఫొటో జతపరిచాను.

దస్తావేజు లేఖరి:
పెద్దది చేసి చూశాను. "చుట్టలు" అయి ఉంటుంది. టకారం కింద వత్తు జాడ ఉంది.

గోదారి గట్టు:
అది వత్తు కాదండీ, కాగితం మడత. "పూటలు" అని స్పష్టంగా ఉంది. పెద్దాయన మూడో పూట మానేశారు.

అరసున్న:
పూటలైతే మొదటి అక్షరానికి అంత చోటు పట్టదు. తాతగారి పెట్టె గారూ, ఆ పుటను వెలుతురుకు ఎదురుగా పట్టి, వెనక వైపు నుండి మరొక ఫొటో తీయగలరా? పెన్సిలు ఒత్తిడి అటువైపు కనబడుతుంది.