అప్‌డేట్: క్యాసియో ఎఫ్-91డబ్ల్యూలో సెన్సర్ వాచ్ బోర్డు, అంకెలు సగమే కనిపించిన సమస్య తీరింది

నా క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ డిజిటల్ వాచీలో అసలు బోర్డు తీసేసి, మనకి నచ్చినట్టు ప్రోగ్రామ్ చేసుకోగలిగే సెన్సర్ వాచ్ బోర్డు పెట్టాక అంకెల్లో కొన్ని గీతలు రావట్లేదనీ, బీప్ కూడా లేదనీ ఇంతకుముందు ఇక్కడ అడిగాను. రెండూ సరయ్యాయి. సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసింది జీబ్రా స్ట్రిప్ చూడమన్న సలహానే. బోర్డుకీ డిస్‌ప్లే గాజుకీ మధ్య ఉండి సిగ్నళ్ళు అందించే ఆ సన్నని రబ్బరు పట్టీ ఓ చివర పక్కకి జరిగింది, పైగా నా వేలి జిడ్డు అంటుకుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పట్టీనీ, అది ఆనే బోర్డు అంచునీ తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ట్వీజర్‌తో గాడిలో నిటారుగా కూర్చోబెట్టాను. గీతలన్నీ వచ్చేశాయి! ఆ పట్టీని చేత్తో అసలు ముట్టుకోకండి.

బీప్ రాకపోవడం వేరే సంగతి. బోర్డు నుంచి వెనక మూతకున్న బజర్ బిళ్ళకి తగిలే చిన్న స్ప్రింగ్, వాచీ విప్పినప్పుడే జారిపోయింది. బల్ల కింద దొరికింది.

ఫర్మ్‌వేర్ (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్) మళ్ళీ ఎక్కించడం, సీఆర్2016 బ్యాటరీ మార్చడం రెండూ చేశాను, వాటితో సంబంధమే లేదు. గీతలు పోతే ముందు పట్టీనే చూడండి.