శిఖరాగ్ర సభకు ముందు బేరసారాలు: ఒక్క దేశం కాదంటే అంతా ఆగిపోవాల్సిందేనా?

పటాల_ప్రియ:
ప్రాంతీయ కూటముల మీద వ్యాసం రాస్తున్నాను. నేతలు విమానం దిగకముందే ఉమ్మడి ప్రకటన దాదాపు సిద్ధమవుతుందంటారు. ముసాయిదా ఎవరు రాస్తారు? ఒక్క దేశం అడ్డుపడితే దారేమిటి? ఆతిథ్య దేశానికి ఎంత పట్టు ఉంటుంది? తెలిసినవారు చెప్పండి.

సరిహద్దు_సరుకు:
రెండో ప్రశ్నకు మా వ్యాపారమే జవాబు. 2014 నవంబరులో కఠ్మాండూలో జరిగిన సార్క్ (దక్షిణాసియా దేశాల కూటమి) సభకు మోటారు వాహనాలు, రైల్వేలు, విద్యుత్తు మీద మూడు ఒప్పందాలు సిద్ధం చేశారు. తమ అంతర్గత ప్రక్రియ పూర్తికాలేదని పాకిస్తాన్ అంది. సార్క్‌లో అందరూ ఒప్పుకుంటేనే ఏదైనా ముందుకు కదులుతుంది. చివరికి కఠ్మాండూ దగ్గరి ధూళిఖేల్‌లో నేతలు విడిగా కలిశాక విద్యుత్ ఒప్పందం ఒక్కటే గట్టెక్కింది. మా లారీ మాత్రం మన సరిహద్దు కేంద్రం పెట్రాపోల్ దాటి బంగ్లాదేశ్ వైపున్న బేనాపోల్ గోదాము దాకానే. అక్కడ సరుకు దించి బంగ్లాదేశ్ లారీకి ఎక్కించాలి. బస్తా చిరిగినా తడిసినా నష్టం మాదే. దీన్ని ఏకాభిప్రాయం అంటారా?

పాత_దుబాసీ:
ఇలాంటి గదుల్లో ఏళ్ల తరబడి కూర్చున్నవాడిని, నేను చెబుతాను. మొదటి ముసాయిదా సాధారణంగా ఆతిథ్య దేశానిదే. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆ భాగాన్ని చదరపు కుండలీకరణాల్లో పెడతారు. అధికారులు రాత్రంతా కూర్చుని వాటిని ఒక్కొక్కటే విప్పుతారు. మిగిలినవి విదేశాంగ కార్యదర్శులకు, అక్కడా తేలనివి మంత్రులకు వెళతాయి. కలం ఎవరి చేతిలో ఉంటే పట్టు వాళ్లదే. 2012 జులైలో కంబోడియా రాజధాని నామ్‌పెన్‌లో, ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ సమావేశంలో చూశాం కదా! దక్షిణ చైనా సముద్రంలో చైనాతో తనకు వివాదమున్న స్కార్‌బరో దిబ్బ ప్రస్తావన ఉండాలని ఫిలిప్పీన్స్ పట్టుబట్టింది, అధ్యక్ష స్థానంలో ఉన్న కంబోడియా ఒప్పుకోలేదు. ఆసియాన్ విదేశాంగ మంత్రుల సమావేశం ఉమ్మడి ప్రకటన లేకుండా ముగియడం 45 ఏళ్లలో అదే మొదలు.

తూర్పు_తీరం:
సగం కథ చెప్పి ఆపేశారేమండీ? ఇండోనేసియా విదేశాంగ మంత్రి మార్టీ నటలెగావా వెంటనే రాజధానులు తిరిగి, కొద్ది రోజుల్లోనే, జులై 20కల్లా దక్షిణ చైనా సముద్రం మీద ఆరు సూత్రాలకు అందరినీ ఒప్పించారు. ఆసియాన్ కుప్పకూలిందని రాసినవాళ్లెవరూ ఇది రాయరు.

పాత_దుబాసీ:
ఆ ఆరు సూత్రాల్లో స్కార్‌బరో పేరు ఎక్కడుందో చూపించండి. గొడవకు కారణమైనదాన్నే వదిలేసి ఒప్పించడం ఏం గొప్ప?

తూర్పు_తీరం:
పది దేశాలను మళ్లీ ఒక కాగితం మీదికి తేవడం గొప్ప కాదా? గదిలో కూర్చున్నంత మాత్రాన తీర్పరి అయిపోరు.

పాత_దుబాసీ:
కూర్చోనివాళ్లు పాఠాలు చెప్పడం కన్నా నయమే.

కొండ_పక్షం:
ఇద్దరూ శాంతించండి. సరిహద్దు_సరుకు గారూ, ఏకాభిప్రాయం లేకపోతే చిన్న దేశం మాట వినేదెవరు? 2015 జూన్‌లో థింఫూలో భారత్, భూటాన్, నేపాల్, బంగ్లాదేశ్ వాహన ఒప్పందం మీద సంతకం చేశాయి. మరుసటి ఏడాది భూటాన్ ఎగువసభ దాన్ని తిరస్కరించింది. ఆ ఇరుకు కొండదారుల మీదికి పొరుగు లారీలన్నీ వస్తే భరించాల్సింది అక్కడి ప్రజలే. భారత్‌తో ఎంత స్నేహమున్నా కాదనే హక్కు వాళ్లకుంది.

సరిహద్దు_సరుకు:
హక్కు ఎవరు కాదన్నారండీ? సంతకం పెట్టకముందే తమ సభను అడగాలి కదా! 2017లో మీరు ముగ్గురూ ముందుకు వెళ్లండని భూటానే చెప్పింది. ఆ తర్వాతైనా మా లారీ కదలాలి కదా?

ఉత్తర_కూటమి:
మిత్రదేశాల బేరం చూడాలంటే నాటో వైపు రండి. 2022 జూన్ 28న మాడ్రిడ్‌లో, శిఖరాగ్ర సభ ముంగిట, స్వీడన్, ఫిన్లాండ్ చేరికకు అడ్డుపడుతున్న తుర్కియే, ఆ రెండు దేశాలు ఒప్పంద పత్రం మీద సంతకం చేశాయి. అయినా స్వీడన్ సభ్యత్వం 2024 మార్చి దాకా సాగింది. సభకు ముందు ఇచ్చిన మాటకు సభ తర్వాత మళ్లీ ధర కట్టారు.

తూర్పు_తీరం:
ఐరోపా సమాఖ్య వాళ్లు ఇంకో దారి కనిపెట్టారు. 2023 డిసెంబరులో యుక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టాలని నిర్ణయించేటప్పుడు హంగరీ ప్రధాని ఓర్బాన్ గది బయటికి వెళ్లారు. మిగిలిన 26 మంది కానిచ్చేశారు.

కొండ_పక్షం:
అదే రాత్రి 50 బిలియన్ యూరోల సాయాన్ని ఆయనే అడ్డుకున్నారు. అది ఫిబ్రవరి 1 దాకా తేలలేదు. దాన్ని దారి అనకండి.

పటాల_ప్రియ:
మూడో ప్రశ్నకు పాత_దుబాసీ గారు కొంత చెప్పారు, ధన్యవాదాలు. మరి ఆతిథ్య దేశం మీదే తగాదా వస్తే?

పాత_దుబాసీ:
సభే ఉండదు. 2016 నవంబరు ఇస్లామాబాద్ సార్క్ సభ అలాగే పోయింది. కశ్మీర్‌లోని ఉరి సైనిక శిబిరం మీద దాడి తర్వాత భారత్ రానంది, బంగ్లాదేశ్, భూటాన్, అఫ్గానిస్తాన్ కూడా రామన్నాయి. ముసాయిదాలు తయారు చేసినవాళ్ల శ్రమంతా నీళ్లపాలైంది. ఆ బాధ బయటివాళ్లకు అర్థం కాదు.

సరిహద్దు_సరుకు:
2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో బిమ్‌స్టెక్ (బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల కూటమి) సముద్ర రవాణా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఓడలకు కుదిరింది, లారీలకు ఎందుకు కుదరదు? దీని సంగతి తెలిసినవారెవరైనా ఉన్నారా?