పొడవుకు అన్‌సైన్డ్ టైపు సరైనదేనా?

తుంగభద్ర: జాబితా పొడవు సున్నాకన్నా తగ్గదు కాబట్టి దానికి అన్‌సైన్డ్ టైపే, అంటే మైనస్ విలువలు పట్టని సంఖ్యా రకమే ఉండాలని సి భాష నేర్చుకున్న రోజు నుంచీ వింటున్నాను. సిలో పొడవులకు వాడే సైజ్‌_టి అనే టైపు వెనుక ఉన్న తర్కం అదే. అది తప్పని నా వాదన. మొన్న ఒక జాబితాను చివరి నుంచి మొదటికి చదివే లూప్ రాశాను. ఇండెక్స్ సున్నా గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నంతసేపు తిరగాలి. అన్‌సైన్డ్‌కు ఆ షరతు ఎప్పుడూ నిజమే! సున్నాలోంచి ఒకటి తీసేస్తే మైనస్ 1కి బదులు చుట్టు తిరిగి 64 బిట్లలో అతి పెద్ద సంఖ్య 18446744073709551615 వచ్చి ప్రోగ్రామ్ కూలిపోయింది. పొడవు మైనస్ కాదు, నిజమే. రెండు పొడవుల తేడా అవుతుంది కదా? గో భాషలో పొడవు చెప్పే లెన్ మామూలు ఇంట్‌నే, అంటే మైనస్ కూడా పట్టే సైన్డ్ పూర్ణాంకాన్నే ఇస్తుంది. నాకు అదే నచ్చింది.

పాతగడియారం: తుంగభద్ర గారూ, నెట్‌వర్క్ నుంచి వచ్చిన పొడవును ఇంట్‌లో పెట్టి, 64 కన్నా తక్కువేనా అని మాత్రమే చూశారనుకోండి. మైనస్ 1 ఆ తనిఖీని దర్జాగా దాటేస్తుంది. పొడవును అన్‌సైన్డ్‌గా తీసుకుని మెమరీని కాపీ చేసే మెమ్‌కాపీ దగ్గరకు వెళ్లేసరికి అదే బ్రహ్మాండమైన సంఖ్యగా మారి పక్క మెమరీని చెరిపేస్తుంది. ఇలా పుట్టిన భద్రతా లోపాలు ఎన్నో. అన్‌సైన్డ్ అయితే ఆ ఒక్క తనిఖీ చాలు. పైగా సి ప్రమాణం ప్రకారం అన్‌సైన్డ్ హద్దు దాటితే ఏమవుతుందో ఖాయం. సైన్డ్ దాటితే ఏమైనా కావచ్చు. దాటిందా అని ఆ తర్వాత మీరు రాసుకున్న తనిఖీనే, కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే కంపైలర్ తీసిపారేయవచ్చు.

రాత్రిపని: నాకు దోషి వేరే కనిపిస్తోంది: మనకు చెప్పకుండా జరిగే టైపు మార్పిడి. సిలో ఇంట్ మైనస్ 1ని అన్‌సైన్డ్ 1తో పోలిస్తే మైనస్ 1 పెద్దదని తేలుతుంది. రస్ట్ భాషలో ఆ పోలిక కంపైలే కాదు. అక్కడా పొడవు యూసైజ్, అంటే అన్‌సైన్డే. పరీక్షకు వాడే డీబగ్ బిల్డ్‌లో సున్నాలోంచి ఒకటి తీస్తే ప్రోగ్రామ్ అక్కడే ఆగుతుంది. వాడుకరులకిచ్చే రిలీజ్ బిల్డ్‌లో మాత్రం మనం అడగనిదే ఆగదు, అది నాకు మింగుడుపడదు. మార్పిడి ఎంత పని చేస్తుందో 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ చూపింది. 64 బిట్ల ఫ్లోట్ (దశాంశ) విలువ 16 బిట్ల సైన్డ్ పూర్ణాంకంలో పట్టలేదు. ఎగిరిన సుమారు 40 సెకన్లకే రాకెట్ ముక్కలైంది.

పాతగడియారం: ఆ ఉదాహరణ మీ వాదనకు కుదరదండీ. ఆ కోడ్ అడా భాషలో ఉంది. అడాలో మార్పిడిని చేత్తో రాయాల్సిందే. రాశారు కూడా. విలువ పట్టకపోతే ఏం చేయాలన్నదే రాయలేదు.

తుంగభద్ర: పాతగడియారం గారూ, నెట్‌వర్క్ పొడవు గురించి మీరు మొదట చెప్పిన మాట ఒప్పుకుంటున్నాను. బయటి నుంచి వచ్చే పొడవును ఇకపై అన్‌సైన్డ్‌గానే తీసుకుని, గరిష్ఠ హద్దుతో పోల్చి చూస్తాను. లోపల తీసివేతలున్న చోట మాత్రం సైన్డ్ 64 బిట్లే వాడతాను. సగం పరిధి పోయినా అంత పెద్ద జాబితా ఏ యంత్రంలోనూ పట్టదు. సి++ 20లో ఎస్‌సైజ్ అని సైన్డ్ పొడవును చేర్చింది ఊరికే కాదు.